పదకొండేళ్ళ తెల్ల బెల్టు

మా బావకు ఒకటే జబ్బు: బెల్టు మార్చడు. ప్యాంటు బెల్టు కాదు, కరాటే బెల్టు. పదకొండేళ్ళ కిందట నడుముకు చుట్టుకున్న తెల్ల బెల్టునే ఇవాళ్టికీ చుట్టుకుంటున్నాడు. ఆయన తరువాత చేరినవాళ్ళు పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగులన్నీ దాటి నల్ల బెల్టులై, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని తెచ్చి అదే క్లాసులో చేర్పించారు. ఆ పిల్లలు కూడా మా బావను దాటిపోయారు.

"ఒకటో తరగతి పదకొండేళ్ళు చదివినవాడి పెళ్ళాన్నిరా తమ్ముడూ నేను," అని అక్క నా దగ్గర వాపోయేది.

బావ లిఫ్టుల మెకానిక్కు. బెల్టు పరీక్ష ఉన్న ప్రతి ఆదివారం ఊళ్ళో ఎక్కడో ఒకచోట లిఫ్టు ఇరుక్కునేది.

"బావా, నీ పరీక్ష తేదీ ఆ లిఫ్టుకెలా తెలుస్తుంది?"

"యంత్రాలకీ మనసుంటుందిరా."

లిఫ్టు ఇరుక్కోకపోతే మోకాలు పట్టేసేది. ఒకసారి రెండూ బాగానే ఉండి, తప్పక పరీక్షకు వెళ్ళాడు. 'మొదలుపెట్టండి' అనగానే వరసగా పద్నాలుగు తుమ్ములు తుమ్మి బయటికి వచ్చేశాడు.

పోనీ బెల్టుల సంగతి తెలియదా అంటే, ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. టీ గ్లాసు చేతిలో పడితే చాలు, పాఠం మొదలు.

"తెలుపంటే నాకేమీ రాదని ఒప్పుకోవడం. నలుపంటే అంతా వచ్చేసిందని కాదురా, మొదటి మెట్టు ఎక్కాడని. అసలు చదువు అక్కణ్ణుంచే."

"మరి మధ్యలో రంగులెందుకు?"

"మొదట్లో ఇన్ని లేవు. నేర్చుకునేవాడి ఓపిక చచ్చిపోకుండా తరవాత పెట్టుకున్నారు."

"నీ ఓపిక చావదా?"

"నాది ఉతికిన బట్టలా తెల్లగా ఉందిలే."

ఇన్ని తెలిసిన మనిషి పరీక్షంటే ఎందుకు పారిపోతున్నట్టు? భయమా, బద్ధకమా? ఈ ప్రశ్న నన్ను చీమలా కుడుతూనే ఉండేది. ఇంతలో నా నడుంనొప్పికి వ్యాయామం చెయ్యమన్నాడు డాక్టరు.

"వెళ్ళి ఆ క్లాసులోనే చేరు," అంది అక్క. "నీ నడుం సంగతి తరవాత, ముందు మీ బావ సంగతి కనుక్కురా."

అలా గూఢచారినై వెళ్ళాను. ఫర్నిచర్ దుకాణం పై అంతస్తులో ఒక హాలు, నేల మీద చాపలు, గోడకు ఒక పెద్ద అద్దం. మాస్టరు ఒక పళ్ళ డాక్టరమ్మ. పగలంతా పళ్ళు పీకి, సాయంత్రం పళ్ళు రాలకుండా ఎలా కాచుకోవాలో నేర్పేది.

వరసలో పెద్ద బెల్టు ముందు, చిన్న బెల్టు వెనక. ఒకే రంగు వాళ్ళయితే ముందు చేరినవాడు ముందు. ఆ లెక్కన చిట్టచివర నేను ఉండాలి. కొత్త బట్టలు ఫెళఫెళమంటున్నాయి. బావ చక్కా వచ్చి నాకు అవతల నిలబడ్డాడు.

"బావా, నీ చోటు ఇటు కదా."

"నోరు మూసుకుని ముందు చూడు."

డాక్టరమ్మ 'ఎడమకు' అంది. నేను కుడికి తిరిగాను. అందరూ ఒకవైపు, నేనొక్కణ్ణీ ఒకవైపు. పరువు పోయిందనుకునేలోపే బావ తన కాలు తనకే తగిలి దబ్బుమని పడ్డాడు. హాలంతా గొల్లుమంది. నన్ను చూసినవాడు లేడు.

వారం రోజులు ఇదే వరస. నేనొక తప్పు చేస్తే బావ రెండు చేసేవాడు. నేను తప్పు చెయ్యని రోజు ఆయనా చెయ్యలేదు. నాకు అనుమానం వచ్చింది. తేల్చుకుందామని కావాలనే తప్పుగా తిరిగాను. పడ్డాడు. మళ్ళీ తిరిగాను. మళ్ళీ పడ్డాడు. మూడోసారి లేస్తూ నడుం పట్టుకునేసరికి, పాపమనిపించి ప్రయోగం ఆపేశాను.

క్లాసయ్యాక డాక్టరమ్మ చాపలు చుడుతుంటే వెళ్ళి అడిగాను.

"ఆయన చేరిన కొత్తల్లో ఒక బస్సు డ్రైవరు వచ్చేవాడండీ," అంది ఆవిడ. "నాలుగు రోజులు వచ్చి మానేశాడు. తరవాతెప్పుడో లిఫ్టు బాగుచెయ్యబోయిన చోట మీ బావకి కనిపించాడట. ఎందుకు మానేశావంటే, 'చివర నిలబడి తప్పులు చేస్తుంటే అందరూ నవ్వారన్నా' అన్నాడట. 'ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నానండీ' అని మీ బావ నాతో చెప్పి తల దించుకున్నాడు. ఆ వచ్చే ఆదివారమే బెల్టు పరీక్ష. ఆ రోజే మొదటి లిఫ్టు ఇరుక్కుంది."

"తెలిసీ ఊరుకున్నారా?"

"పళ్ళ డాక్టర్నండీ నేను. గట్టిగా ఉన్న పన్ను జోలికి పోను. ఆ తరవాత ఇక్కడ మొదటి వారంలో మానేసినవాళ్ళు ఒక్కరు లేరు తెలుసా?"

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. అంతా వింది. చివరికి, "అయితే నాతో వాదనల్లో ఓడిపోయేది కూడా కావాలనేనా?" అంది.

"అది మాత్రం డాక్టరమ్మ చెప్పలేదక్కా."

నాలుగు నెలలకు నాకు పసుపు బెల్టు వచ్చింది. పరీక్ష రోజు ఎక్కడో లిఫ్టు ఇరుక్కుంది. మరుసటి సాయంత్రం నేను వరసలో కాస్త ముందుకు జరిగాను. గుమ్మంలో ఒక టైలరమ్మ నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. చేతిసంచిని గుండెకు అదుముకుని, వచ్చిన దారినే పోదామా అన్నట్టు మెట్ల వైపు చూస్తోంది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరసలో నిలబెట్టింది. బావ వెళ్ళి ఆమెకు అవతల నిలబడ్డాడు.

'ఎడమకు.' ఆవిడ కుడికి తిరిగింది. బావ దబ్బున పడ్డాడు. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. నడుం మీద చెయ్యి వేసుకుని బావ వైపు తిరిగింది.

"లేవండి, లేవండి. ఎడమంటే ఇటండీ. మీరు చేరి ఎన్నాళ్ళయింది?"

"ఈమధ్యేనండి," అన్నాడు బావ, బట్టలు దులుపుకుంటూ.

"అదీ సంగతి. భయపడకండి. నన్ను చూసి చెయ్యండి."

"అలాగేనండి," అని బుద్ధిగా తలూపాడు బావ. ఆ సాయంత్రమంతా ఆవిడ తన బెరుకు మరిచిపోయి, మా బావకు కుడీ ఎడమా నేర్పుతూనే ఉంది.