ఆయనకు నేను కట్టిన రాఖీ

పద్నాలుగేళ్ళ కిందట నేనొక అబద్ధం చెప్పాను. రెండు ముక్కల అబద్ధం. చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. మోయడం మాత్రం ఇంకా అయిపోలేదు. మొన్న మొన్నటిదాకా మా ఆయనకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే నోరు పెగులుతోందేమో. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

ముందు ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజులంటే నాకు ఇప్పటికీ ప్రాణం. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ అబద్ధాలు చాలించాలనే కదా ఈ రాత.

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో. చెక్క మెట్లెక్కి వెళ్ళే రెండో అంతస్తు అపార్ట్‌మెంట్. పోపు వేస్తే చాలు స్మోక్ అలారం కుయ్యోమనేది. దాని కింద నిలబడి తువ్వాలుతో విసరాలి. ఎవరింట్లో అలారం మోగితే వాళ్ళింట్లో ఆ పూట ఏదో మంచి కూర ఉందని లెక్క, మధ్యాహ్నానికి గిన్నె పట్టుకుని ఎవరో ఒకరు తలుపు కొట్టేవాళ్ళు. మేం ఆరుగురం ఆడవాళ్ళం. అందరివీ హెచ్-ఫోర్ వీసాలు, అంటే భర్త ఉద్యోగం మీద వచ్చిన భార్యలం. మాకు ఉద్యోగం చేసే హక్కు లేదు. మగవాళ్ళు పొద్దున్నే బస్సెక్కి న్యూయార్క్ వెళ్ళిపోతే, పిల్లల్ని స్ట్రోలర్ బళ్ళలో తోసుకుంటూ పార్కులో చేరేవాళ్ళం. నాది కరీంనగర్, ఒకామెది కాకినాడ, ఒకామెది కర్నూలు. ఒకరి మాటను ఒకరు వెక్కిరించుకుని నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మా పాపకు అప్పుడు ఏడాది. దానికి మొదటి అడుగులు వేయించింది నేను కాదు, కాకినాడ ఆవిడ. అంత దగ్గరగా ఇంకెవరితోనూ బతకలేదు నేను.

మా అందరికీ ఒకటే బాధ, డ్రైవింగ్ రాదు. డ్రైవింగ్ రాకపోతే అక్కడ పాల డబ్బాకి కూడా శనివారం దాకా ఆగాలి. భర్తలు నేర్పించడానికి పూనుకుంటే ఆ రోజు ఇంట్లో వంట ఉండేది కాదు, ఇద్దరూ అలిగి చెరో గదిలో కూర్చునేవాళ్ళు. అందుకని అందరూ ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆయన మా పక్క బిల్డింగులో ఉండేవాడు. నలభై దాటిన మనిషి, అమెరికా వచ్చి అప్పటికే పదేళ్ళు. మగాళ్ళూ ఆడాళ్ళూ అందరూ "అన్నా" అనే పిలిచేవాళ్ళు. వాళ్ళావిడ మా అందరికీ వదిన. శనివారం పొద్దున ఒక్కొక్కరిని తన కారులో గంటసేపు తిప్పి తీసుకొచ్చేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. మా ఆయనకు ప్రాజెక్టు దొరికింది కూడా ఆయన రెఫరెన్సుతోనే.

నాకది ఐదో డ్రైవింగ్ క్లాసు. వాన పడుతోంది. మూతపడిన ఒక షాపు వెనకాల ఖాళీ పార్కింగులో రివర్స్ నేర్పిస్తున్నాడు. అంతకు ముందు వారం చెయ్యి రెండుసార్లు నా మోకాలికి తగిలింది, పొరపాటే అనుకున్నాను. ఆ రోజు కారు ఆపమన్నాడు. చెయ్యి తొడ మీద వేశాడు. తీయలేదు. "మీ ఆయనకు ఎప్పుడూ ఆఫీసే కదా" అంటూ మీదికి వంగి మెడ దగ్గరికి వచ్చాడు. నేను తోసేశాను. తలుపు తీయబోతే లాక్ అయి ఉంది. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. అరనిమిషమే కావచ్చు. తర్వాత ఆయనే నవ్వి, "అట్లా భయపడతవేంది, ఊరికే అన్న" అని సీటు మారమన్నాడు. దారంతా ఏమీ జరగనట్టే సిగ్నల్స్ గురించి చెప్పుకుంటూ ఇంటి దగ్గర దింపాడు. ఇంట్లో మా ఆయన పాపకు ఉగ్గు తినిపిస్తున్నాడు. "ఎట్లయింది క్లాసు?" అనడిగాడు. మంచిగయింది అన్నాను.

రిపోర్ట్ చేయాలా వద్దా? వారం రోజులు ఇదే గోల. పోలీస్ స్టేషన్ నంబరు వెతికి క్యాలెండర్ వెనక రాసుకున్నాను కూడా. కానీ మాలో ఒక నమ్మకం ఉండేది. ఎవరు పుట్టించారో గాని అందరం నమ్మేవాళ్ళం. పోలీసు కాగితంలో పేరెక్కితే చాలు, ఫిర్యాదు చేసిన వాళ్ళదైనా సరే, వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళినప్పుడు అడ్డం పడుతుందని. మా గ్రీన్ కార్డ్ అప్పుడే మొదలుపెట్టారు. పైగా మా ఆయన ప్రాజెక్టు ఆయన చలవ. ఇవన్నీ నిజమైన భయాలేనా, లేక నోరు విప్పకుండా ఉండడానికి నేను పోగేసుకున్న సాకులా? అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ పూర్తిగా తెలియదు.

అప్పుడే నాకొక తెలివి తట్టింది. తెలివి! తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆగస్టు వస్తోంది. మా వైపు రాఖీ పండగంటే ఎంత సంబరమో మీకు తెలిసే ఉంటుంది, బస్సుల్లో నిలబడటానికి చోటుండదు. అందరి ముందు రాఖీ కట్టేస్తే ఇక నన్నెలా ముట్టుకుంటాడు? ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి అన్నిటికంటే పెద్దది, ఎర్ర పట్టుదారం మీద ముత్యాలు కుట్టినది తెచ్చాను. ఆదివారం క్లబ్‌హౌస్‌లో అందరూ భోజనాలకు కూడినప్పుడు హారతి పళ్ళెం పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఆయన మొహంలో రంగు మారింది. అది చూసి లోపల నవ్వుకున్నాను. బొట్టు పెట్టి, రాఖీ కట్టి, మిఠాయి నోట్లో పెట్టాను. వదిన చప్పట్లు కొట్టింది. ఎవరో ఫోటో తీశారు.

పనిచేసింది. అదే కదా దరిద్రం. ఆ తర్వాత ఆయన నా వైపు కన్నెత్తి చూడలేదు. నేను వేరే ఆవిడ దగ్గర ఇంకో నాలుగు క్లాసులు నేర్చుకుని, మొదటిసారికే టెస్ట్ పాసయ్యాను. లైసెన్సు వచ్చిన రోజు ఐదుగురినీ, పిల్లల్నీ రెండు ట్రిప్పులుగా ఐస్‌క్రీముకి తీసుకెళ్ళాను. కిటికీలు దించుకుని పాటలు పాడుకుంటూ వెళ్ళాం. అంత సంతోషం నా జీవితంలో ఎన్నిసార్లు కలిగిందో వేళ్ళ మీద చెప్పగలను. ఆ ఫోటో మాత్రం అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూప్ మెయిల్‌లో తిరిగింది. ఆయన దాన్ని ప్రింటు తీయించి హాల్లో పెట్టుకున్నాడు. మా ఇంటి ఆడపడుచు అని వచ్చినవాళ్ళకు చూపించేవాడట. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? ఈ మనిషి దగ్గర భయం లేదు అనుకుంటారు. నా ఒంటిని కాపాడుకోవడానికి కట్టిన దారం ఆయనకు క్యారెక్టర్ సర్టిఫికెట్ అయింది. నాకు ఆ ఆలోచనే రాలేదు. రాలేదా, రానివ్వలేదా?

తర్వాతి ఏడు మార్చిలో ఒక కొత్త జంట వచ్చింది. ఆ అమ్మాయిని శిరీష అందాం, అసలు పేరు వేరు. గుంటూరు పిల్ల, ఇరవై మూడేళ్ళు, పెళ్ళై మూణ్ణెల్లు. అందరినీ అక్కా అక్కా అంటూ తిరిగేది. వాళ్ళింట్లో గోంగూర కుండీ ఉండేది, రోజూ దానితో మాట్లాడేది. వదిన వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు హాల్లో ఆ ఫోటో చూసి, ఆ వారమే డ్రైవింగ్ క్లాసులు మొదలుపెట్టింది. నన్నేమీ అడగలేదు. అడగాల్సిన పనేముంది, ఫోటో చెప్పింది కదా. శనివారం బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే కింద ఆయన కారు ఎక్కుతూ కనిపించింది. నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఒక్క కేక వేస్తే ఆగిపోయేది. ఏమని కేకేయాలి అని ఆలోచించాను. ఆలోచిస్తుండగానే కారు మలుపు తిరిగింది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మా తలుపు తట్టింది. పాప నిద్రపోతోంది. శిరీష కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సోఫా అంచున కూర్చుని, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ చెప్పింది. అదే పార్కింగు. అదే మాట. తలుపుకు అదే లాకు.

"రిపోర్ట్ చేద్దామనుకుంటున్నా అక్కా" అంది. "మా ఆయన నమ్ముతున్నాడు గానీ, నీ ఒక్కదాని మాట ఎవరు వింటారంటున్నాడు. మీతో ఎప్పుడన్నా ఇలా చేశాడా? చేసుంటే చెప్పండక్కా. ఇద్దరం కలిసి వెళ్దాం."

"నాతోనా? ఛ, లేదే" అన్నాను. "నాకైతే ఎన్నడూ గట్ల కాలేదు. అన్న మంచోడు."

"నిజంగా?"

"నిజంగ. నువ్వే తప్పు అనుకున్నవేమో. నేర్పించేటప్పుడు చెయ్యి తగుల్తది గద."

శిరీష నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను లేచి మంచినీళ్ళు తెచ్చాను. గ్లాసు ముట్టుకోలేదు. "సరే అక్కా. నేనే తప్పనుకున్నానేమోలే" అని వెళ్ళిపోయింది.

ఎందుకలా అన్నాను? ఎన్నోసార్లు అడుక్కున్నాను. అవునంటే ముందు నన్నే అడుగుతారు, నీకు జరిగాక మరి రాఖీ ఎలా కట్టావని. మా ఆయన అడుగుతాడు. కాకినాడ ఆవిడ అడుగుతుంది. ఆ పార్కు, ఆ నవ్వులు, గిన్నెలు పట్టుకుని తట్టే తలుపులు, అన్నీ పోతాయి. వీసా భయం నిజమే, కానీ ఆ క్షణంలో గుర్తొచ్చింది వీసా కాదు. నా చుట్టూ ఉన్న ఆ ఐదుగురు. వాళ్ళను పోగొట్టుకోలేక ఆ పిల్లను ఒంటరిదాన్ని చేశాను. లేదని ఊరుకున్నా కొంత నయం. నువ్వే తప్పనుకున్నావేమో అని కూడా అన్నాను చూడండి, ఆ ముక్క ఎవరు అనిపించారు నాతో? ఎవరూ అనిపించలేదు. నేనే అన్నాను.

శిరీష రిపోర్ట్ చేయలేదు. పార్కుకి రావడం మానేసింది. సంగతి ఎలాగో పొక్కింది. కొత్తగా వచ్చింది కదా, ఏదో ఎక్కువ ఊహించుకుందని ఒకామె అంటే మిగతావాళ్ళు అయ్యో అన్నారు. నేను స్ట్రోలర్ బెల్టు సరిచేస్తూ కూర్చున్నాను. ఆ ఏడు రాఖీ పండక్కి ఆయన చేతికి ఐదు రాఖీలు కట్టారు. నాకు జ్వరమని చెప్పి ఇంట్లో ఉన్నాను. మహా గొప్ప పని చేశాను! కొన్ని నెలలకు శిరీష వాళ్ళు టెక్సాస్ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు గోంగూర కుండీ మా తలుపు ముందు పెట్టి వెళ్ళింది, చెప్పకుండానే. అది ప్రేమతో పెట్టిందో, ఇంకెవరూ లేక పెట్టిందో నాకు తెలియదు. ఆ గోంగూర నేను వండలేదు.

ఇప్పుడు మేం జార్జియాలో, కమ్మింగ్‌లో ఉంటున్నాం. ఇల్లు ఉంది, నాకు ఉద్యోగం ఉంది, గ్రీన్ కార్డ్ కూడా వచ్చింది. ఈ వేసవిలో మా పాపకు లెర్నర్స్ పర్మిట్ వచ్చింది. పదిహేనేళ్ళది స్టీరింగ్ పట్టుకుంటే నాకు ప్రాణాలు పైనే. ఒకరోజు స్కూలు పార్కింగులో రివర్స్ చేస్తూ అడిగింది, "అమ్మా, నీకు డ్రైవింగ్ ఎవరు టీచ్ చేశారు?" అని.

"ఒక అంకుల్" అన్నాను.

"నైస్ అంకులా?"

అవునని నాలిక చివరిదాకా వచ్చింది. అంత అలవాటైపోయింది. కారు ఆపమన్నాను. అక్కడే దానికి చెప్పాను, ఆయన చేసింది. సగమే చెప్పాను. రెండో సగం, నేను చేసింది, చెప్పలేకపోయాను. అది నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఎవరికైనా చెప్పావా?" అంటే లేదన్నాను. పాపం అమ్మ అనుకుంది పిచ్చి పిల్ల. ఆ జాలికి నేను తగను. అది భరించలేకపోయాను.

ఆ ఆదివారం మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన అన్నది ఒకటే, ఆ ప్రాజెక్టు గురించి ఆలోచించావా నువ్వు అప్పుడు, అని. అవునన్నాను. లేచి వెళ్ళి గడ్డి కోసే మెషిన్ బయటికి తీశాడు. కోసిన గడ్డినే మళ్ళీ కోశాడు.

మా ప్లెయిన్స్‌బరో స్నేహితురాలి ద్వారా శిరీష సంగతి కనుక్కున్నాను. డాలస్ దగ్గర కాపెల్‌లో ఉంటోంది. ఇద్దరు మగపిల్లలు. ఇప్పటికీ కారు నడపదట. పిల్లల్ని స్కూల్లో దించాలన్నా, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా భర్త ఆఫీసు నుంచి రావాల్సిందేనట. ఆ అమ్మాయికి మొదట్నుంచీ భయమెక్కువ కదే, అని నవ్వింది స్నేహితురాలు. కారు లేకుండా ఆ ఊళ్ళో బతకడం అంటే ఏమిటో మీకు తెలిస్తే, నాకు ఆ పూట అన్నం ఎందుకు దిగలేదో కూడా తెలుస్తుంది.

రిపోర్ట్ చేయాలనుకున్నాను. కానీ ఎవరిది? నాకు జరిగింది నాది. శిరీషకు జరిగింది ఆమెది, ఆమెను అడగకుండా ఆ పేరు తీసే హక్కు నాకు లేదు. ఒకసారి ఆమె మాటను నేను మింగేశాను, ఈసారి ఆమె బదులు నేను మాట్లాడేస్తే అదీ అలాంటిదే. అందుకే ముందు ఆమెకు మెయిల్ రాశాను. పార్కింగులో నాకు జరిగింది, రాఖీ, బాల్కనీ, నేను చెప్పిన అబద్ధం, అన్నీ. నీది తప్పు కాదు, నువ్వు తప్పుగా అనుకోలేదు, నాకు తెలిసే అలా అన్నాను అని రాశాను. నువ్వు ఎప్పుడు ఎక్కడ ఫిర్యాదు చేసినా సాక్షిగా వస్తాను, వద్దంటే నీ ఊసెత్తను అన్నాను. క్షమించమని మాత్రం రాయలేదు. అడిగితే క్షమించాలో వద్దో అని మళ్ళీ ఆమే బాధపడాలి కదా.

పదకొండు రోజులకు జవాబొచ్చింది. "చదివాను. నా గురించి ఎక్కడా చెప్పకండి. నేను ఆలోచించుకోవాలి." అంతే. పైన కానీ కింద కానీ అక్కా అన్న పిలుపు లేదు. ఫోను బల్ల మీద పెట్టి ఏడ్చాను. ఆ పిలుపు పోవడం న్యాయమే. అయినా ఏడుపు ఆగలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు సెలవు పెట్టి న్యూజెర్సీకి, ఆ ఊరి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశాను. నాకు జరిగింది మాత్రమే చెప్పాను. అవతల ఒకావిడ ఓపికగా వింది. చాలా పాతది, ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేనంది. ఏమవ్వకపోయినా రాసుకోమన్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి గుండెల నిండా ఆడింది. ఫిర్యాదు అనామకంగా ఇవ్వచ్చు, పేరు చెప్పడం మీ ఇష్టం అంది. మీకైతే నా పేరు రాయలేదు, రాయను. ఫోన్‌లో ఉన్న ఆ పోలీసావిడకు మాత్రం చెప్పాను. పేరు, ఇంటిపేరు, ఒక్కో అక్షరం విడదీసి, ఆమె రాసుకునేదాకా ఆగి ఆగి చెప్పాను.