చుక్కల గీత

మా అక్కని సందులో అందరూ పటాలమ్మ అనేవారు. పన్నెండో తరగతిలో మానవ భూగోళశాస్త్రం తీసుకుంది. మనుషులు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు వెళతారో చదవడమని చెబితే నాన్న, "అద్దె పెరిగితే వెళతారు. దానికో పుస్తకం ఎందుకే?" అన్నాడు.

ప్రాజెక్టు కోసం అక్క మా సందు పటం గీసింది. ఎనిమిదితో చదువు మానేసిన నేను టేపు రెండో కొస పట్టుకునేదాన్ని. ఏడాదంతా ఉండేవాళ్ళ ఇంటికి నిండు గీత. పనికోసం సగం ఏడాదికి పైగా బయట గడిపేవాళ్ళ ఇంటికి చుక్కల గీత.

చివరి రేకుల గది పిన్నిది. బాబాయి పోయినప్పటి నుంచి ఏటా ఏడు నెలలు ఇటుక బట్టీకి వెళ్ళేది.

"ఏమే, నా ఇంటికి చిల్లులు పెట్టావ్?"

"చిల్లులు కాదు పిన్నీ, చుక్కలు. నువ్వు తాత్కాలిక వలస."

"తాత్కాలికం మీ బాబాయే తల్లీ, నేను కాదు," అని నవ్వింది.

తాళం వేసి వెళ్ళేటప్పుడు పిన్ని తలుపుకి కాసేపు చెయ్యి ఆనించి నిలబడటం నేను చూశాను. అక్కకి చెప్పలేదు. పటంలో దానికి గుర్తేమీ లేదు.

రోడ్డు వెడల్పు కోసం సందు తీసేస్తామని కొలతలవాళ్ళు వచ్చారు. అక్క పటం చూసి వాళ్ళ పెద్దాయన మురిసిపోయాడు. "మావాళ్ళకి చేతకానిది చేశావమ్మా," అని నకలు తీయించుకున్నాడు. సంతోషంతో అక్క ఆ పూట అన్నమే తినలేదు.

ఇళ్ళు పోయినవాళ్ళకి ఇచ్చే కొత్త గదుల జాబితాలో పిన్ని పేరు లేదు. అడగడానికి వెళితే గుమాస్తా ఆ నకలు విప్పి చూపించాడు.

"ఇక్కడ కాపురం లేదని మీవాళ్ళే గీశారు కదమ్మా."

"అది మార్కుల కోసం గీసింది సార్," అని అక్క మూడుసార్లు చెప్పింది. ఆయన నకలు మడిచి సొరుగులో పెట్టేశాడు. పిన్ని అక్క భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

పరీక్షలో శాశ్వత వలసకీ తాత్కాలిక వలసకీ తేడా రాయమన్నారు. అక్క ఆ జవాబు చోటు ఖాళీగా వదిలేసి వచ్చింది. పాసైంది గానీ పై చదువుకి దరఖాస్తు పెట్టలేదు. ఇప్పుడు మందుల గోడౌన్‌లో పెట్టెలకి ఊళ్ళ పేర్లు అంటిస్తోంది.

బట్టీ మూసిన అయిదు నెలలూ పిన్ని మా కొత్త గది వరండాలో పడుకుంటుంది. మొన్న చాప దులుపుతూ, "రాసుకో పటాలమ్మా, ఈ చాప నిండు గీతా, చుక్కలా?" అంది.

నాన్న నవ్వాడు. అక్క లోపలికి వెళ్ళి తన దిండు తెచ్చుకుని పిన్ని పక్కన పడుకుంది.