కమాను కింద మనిషి

"...అంటే మా రైల్వే వాళ్ళకి గుండె లేదంటారు, అంతేగా?"

"గుండె లేదని నేనన్నానా? నిలబడే అలవాటు లేదన్నాను."

"మాకెందుకండీ నిలబడటం? మా బ్రిడ్జి బాగుందో లేదో మేం సుత్తితో కొట్టి చూసుకుంటాం. కింద మనిషిని పెట్టి చూసుకునే ఖర్మ మాకు పట్టలేదు."

మేస్త్రి గేటు గది గుమ్మంలో నిలబడి చేతిలోని టీ గ్లాసులోకి చూసుకున్నాడు. గేటుకు ఇవతల ఆగివున్న రోడ్డు రోలర్ మీద డ్రైవర్ కాళ్ళు బారజాపుకుని కూర్చుని, ఈ మొగుడూ పెళ్ళాల గొడవను చెవులు రిక్కించి వింటున్నాడు. వినడం తప్పని అతనికి తోచలేదు. గేటు పడితే చేసే పని ఇంకేముంటుంది?

గొడవ కొత్తదేం కాదు. వాళ్ళ పెళ్ళయిన కొన్నాళ్ళ నుంచీ నడుస్తున్నదే. కొత్త సంగతల్లా ఒకటే. రేపు వంతెన కింద నిలబడబోయేది మేస్త్రి కాదు, వాళ్ళ కొడుకు.

ఆమెను అందరూ గేటమ్మ అంటారు. పుట్టింది రైల్వే క్వార్టర్స్‌లో. సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచి, వదులైన చీలల్ని బిగించడం ఆమె తండ్రి పని. ఆయన జీవితంలో చాలాసార్లు రైళ్ళు ఆపాడు. ఆపిన వాటిలో ఎక్కువ అనవసరంగా ఆపినవేనని తేలేది. పైవాళ్ళు తిట్టేవారు. ఆయన తల వంచుకుని విని, ఇంటికొచ్చి సుబ్బరంగా భోంచేసి పడుకునేవాడు. అనుమానం వస్తే ఎర్రజెండా చూపించడంలో నామోషీ ఏముందనేవాడు. ఆయన పోయాక, చిన్నదైనా ఈ గేటు కొలువు ఆమెకు దక్కింది. గేటు దించే చక్రం, రెండు జెండాలు, ఒక లాంతరు, స్టేషన్‌తో మాట్లాడే ఫోను, ఒక బల్ల. ఆ గదిలోనే ఆమె వయసంతా గడిచింది.

గది కిటికీలోంచి చూస్తే ఏటి మీద రెండు వంతెనలు కనిపిస్తాయి. ఎడమవైపుది రైలుది, ఇనుపది. కుడివైపుది రోడ్డుది, రాతిది, మూడు కమానులది. రెండూ తాతల నాటివే. ఇనుప వంతెనకు ఏటేటా మనుషులొస్తారు. తాళ్ళు కట్టుకుని వేలాడుతూ ప్రతి రివెట్టునూ సుత్తితో తట్టి, చప్పుడు తేడాగా ఉన్నచోట సుద్దతో గీత గీసి పోతారు. అనుమానం తీరనంతకాలం నెమ్మదిగా పొమ్మని బోర్డు పెడతారు. ఎంత పెద్ద రైలైనా అక్కడ అడుగులో అడుగేసుకుంటూ పోవాల్సిందే. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. ఎవరూ ఫొటో తియ్యరు.

రాతి వంతెనల సంగతి వేరు. ఆ జిల్లాలో ఏ వాగు మీద చూసినా ఒకటుంటుంది. ఒకటి మధ్యలో గూని తేలి బళ్ళను ఎత్తి కుదేస్తుంది. ఇంకొకదానికి అటూ ఇటూ రోడ్డే లేదు, పొలాల మధ్య ఊరికే నిలబడి ఉంటుంది. వాటికి మరమ్మతులు చేసేది మేస్త్రి ఇంటివాళ్ళు, మూడు తరాల నుంచి. మరమ్మతు పూర్తయి వంతెన తెరిచే రోజున మేస్త్రి నడి కమాను కింద చేతులు కట్టుకుని నిలబడాలి. పైన రోలర్ దాటాలి. దాటాక జనం చప్పట్లు కొట్టాలి. అదీ వాళ్ళ ఆనవాయితీ.

పెళ్ళయిన కొత్తలో ఆమె కూడా ఒడ్డున నిలబడి అది చూసింది. రోలర్ కమాను మీదికి వచ్చేసరికి ఆమె ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. కిందున్నవాడు మాత్రం తీరిగ్గా మీసం సవరించుకున్నాడు. కొన్నాళ్ళపాటు ఆ మనిషికి అన్నం వడ్డించేటప్పుడు కూడా ఆమె కళ్ళు అతని మొహం మీదే ఉండేవి, ఇంతటివాడు నాకు దొరికాడా అని.

ఆ మురిపెం గేటు ఉద్యోగంలో చేరేదాకానే. గేటు అవతలి వంతెన ఒకటి తెరవడానికి కొద్ది రోజుల ముందు, తెల్లవారకుండానే ఇసుక ట్రాక్టర్లు వరసగా గేటు దాటాయి. ముందు ట్రాక్టర్ మీద మేస్త్రి కూర్చుని ఉన్నాడు. రోడ్డు చదును చెయ్యడానికన్నాడు. సరే అనుకుంది. కొన్నాళ్ళకు అవే ట్రాక్టర్లు, అదే ఇసుకతో, అదే వేళప్పుడు వెనక్కి వచ్చాయి. వెళ్ళిన ఇసుక వెళ్ళినట్టే తిరిగొస్తుంటే చూసి ఊరుకునే మనిషి కాదామె. గేటు ఎత్తకుండా నిలదీసింది. మేస్త్రి నీళ్ళు నమిలాడు. చివరికి చెప్పాడు. రోలర్ కంటే ఎక్కువ బరువున్న ఇసుకను కొద్దికొద్దిగా కమాను మీద పోస్తారు. కొన్ని రోజులు అలాగే ఉంచి, కింద ఎక్కడైనా బీట పడిందా అని చూస్తారు. పడకపోతే ఇసుక తీసేసి, అప్పుడు నిలబడతారు. ఈ సంగతి వాళ్ళ నాన్న అతనికి మొదటిసారి నిలబడబోయే ముందు రోజు చెప్పాడట. ఆయనకు వాళ్ళ నాన్న చెప్పాడట.

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే మేస్త్రికి తేలికయ్యేది. "జాగ్రత్తపరుడినని చెప్పుకుంటే మీకు ఏం పోయింది?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత ఎన్ని వంతెనలు తెరిచినా ఆమె చూడ్డానికి వెళ్ళలేదు. ఇసుక వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి గేటెత్తింది. అంతే. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి తనకే సిగ్గేసేది.

ఇప్పటి తంటా అంతా తెచ్చి నెత్తిన పెట్టింది పాత వంతెనల సంఘం. దాని అధ్యక్షుడు మాస్టారు. రిటైరయ్యాక ఏం చెయ్యాలో తోచక వంతెనల మీద పడ్డాడు. జిల్లాలోని పాత వంతెనలన్నిటికీ ఫొటోలు తీయించి క్యాలెండర్ వేయించాడు. అందులో గేటమ్మ ఇనుప వంతెన లేకపోలేదు. మాస్టారు నవ్వుతున్న బొమ్మ వెనకాల సగం కనిపిస్తుంది. మేస్త్రికి మాత్రం ఒక నెలంతా ఇచ్చేశారు, కమాను కింద చేతులు కట్టుకుని. దాని కింద 'పరీక్ష ఎరుగని నమ్మకం' అని అచ్చేశారు. మేస్త్రి ఆ క్యాలెండర్ తెచ్చి గేటు గదిలో స్వయంగా మేకు కొట్టి తగిలించాడు. ఆ మేకు గేటమ్మకు బాగా పనికొచ్చింది. లాంతరు తుడిచే గుడ్డ ఆరేయడానికి ఇన్నాళ్ళూ చోటు లేకపోయింది.

క్యాలెండర్ సభలో మాస్టారు మైకు ముందు అడిగాడట, ముందుగా ఏమైనా పరీక్షలు చేస్తారా అని. మా ఇంట్లో పరీక్ష అనే మాటే లేదన్నాడట మేస్త్రి. చప్పట్లు మోగిపోయాయట. ఇంటికొచ్చి అదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. గేటమ్మ దుప్పటి మడత పెడుతూ, "కోతలు కోసేవాడికి మైకిస్తే ఇంకేం కావాలి," అని మూతి తిప్పింది.

ఇప్పుడా చప్పట్లే అతని మెడకు చుట్టుకున్నాయి. గేటు గది కిటికీలోంచి కనిపించే ఆ రాతి వంతెనకే, వరదకు కదిలిన నడి కమాను రాళ్ళను తీసి, మళ్ళీ సున్నంతో పేర్చారు. తండ్రి చెబుతుంటే పని మొత్తం కొడుకే చేశాడు. అలాంటి సున్నం ఆరడానికి టైము పట్టాలి. ఈలోపు ప్రారంభానికి రావలసిన పెద్దమనిషికి వేరే చోట పనిపడి తేదీ ముందుకు జరిగి రేపటికే వచ్చిపడింది. ఆరదని చెప్పాల్సిన మేస్త్రి 'చూద్దాం' అన్నాడు. కమానుకు ఆసరాగా పెట్టిన కర్రలు తీయించేశాడు. మాస్టారు పిట్టగోడలకు వెల్ల వేయించాడు, రంగు కాగితాలు కట్టించాడు. ఇక ఇసుక ఎక్కడ పోస్తారు? పొయ్యాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే మూడు తరాల మీసాలూ ఒక్కసారే ఊడతాయి.

ఇవాళ పొద్దున ఉతకబోతూ మేస్త్రి చొక్కా జేబులో చెయ్యి పెడితే గేటమ్మకు సున్నం పెళ్ళ ఒకటి దొరికింది. కమాను సందులోంచి గోటితో గీకి తెచ్చుకున్నదే. బొటనవేలితో నొక్కింది. వేలి ముద్ర పడింది. దాన్ని తెచ్చి గేటు గది కిటికీలో పెట్టింది. మేస్త్రి టీ తాగడానికి వచ్చి దాన్ని చూశాడు. ఇద్దరూ దాని గురించి తప్ప మిగతా అన్నిటి గురించీ పోట్లాడుకున్నారు.

"అక్కా," అన్నాడు రోలర్ డ్రైవర్, గొడవ చల్లబడిందని రూఢి చేసుకుని. "కింద నిలబడేవాడి గురించి ఊరంతా చెప్పుకుంటున్నారు. పైన కూర్చునేవాణ్ణి నేనున్నాను కదా, నా సంగతేంటి?"

"నీకు క్యాలెండర్లో నెల మిగల్లేదు," అంది గేటమ్మ.

డ్రైవర్ నవ్వాడు గానీ, ఆ తర్వాత వంతెన వైపు రెండుసార్లు చూశాడు.

గూడ్సు వెళ్ళిపోయింది. గేటమ్మ చక్రం తిప్పి గేటెత్తింది. రోలర్‌ను రేపటిదాకా ఇవతలే ఉంచమన్నారని డ్రైవర్ కదల్లేదు. వంతెన వైపు నుంచి మాస్టారు, వెనకాల రంగు కాగితాల చుట్టతో గేటమ్మ కొడుకు వచ్చారు. బరువు బండి గేటు దాటాలంటే రైల్వే నుంచి కాగితం కావాలి కదా మాస్టారూ అని గేటమ్మ అడిగితే, మేస్త్రిగారి ఇల్లాలే గేటులో ఉండగా కాగితాలెందుకమ్మా అని మాస్టారు బల్ల మీద కూర్చుని ఉపన్యాసం తీశాడు. రేపు చదవబోయేది మేస్త్రికి వినిపించాలట.

ఉపన్యాసంలో రాయి మాట్లాడింది. ఏరు తల వంచింది. మనిషి నమ్మకం ముందు ఇంజనీర్ల లెక్కలు వెలవెలబోయాయి. మేస్త్రి వంశంలో భయమనే మాటకు చోటు లేదన్న దగ్గర మాస్టారు ఆగి, చప్పట్లకు ఇక్కడ కొంచెం జాగా ఉంచానన్నాడు. మేస్త్రి తలూపాడు. కిటికీలో ఉన్న సున్నం పెళ్ళ వైపు చూడకుండా ఉండటానికి అతను పడే అవస్థ గేటమ్మకు స్పష్టంగా కనిపించింది. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డవాడు కూడా అంతకంటే హాయిగా ఉంటాడు.

కొడుకు గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని కాగితాలు విడదీస్తున్నాడు. పనిలో తండ్రి అంతటివాడయ్యాడు. మీసం మాత్రం ఇంకా సరిగా కుదరలేదు. ఈ నాలుగైదు రోజులుగా తిండి సరిగా తినడం లేదు. ఎవరైనా చూస్తున్నారనుకుంటే చేతులు కట్టుకుని చూసుకుంటున్నాడు.

"నాన్నా," అన్నాడు తలెత్తకుండా. "మొదటిసారి నిలబడ్డప్పుడు నీకు భయమేసిందా?"

మాస్టారు కళ్ళజోడు తీసి ఆసక్తిగా చూశాడు. ఉపన్యాసంలో చేర్చడానికి ఇంకో ముక్క దొరుకుతుందేమోనని.

"లేదురా," అన్నాడు మేస్త్రి.

అది నిజమే. ఇన్నేళ్ళలో ఆ వంతెనల గురించి ఆ మనిషి నలుగురిలో చెప్పిన నిజం బహుశా అదొక్కటే. ఇసుక పోసి చూసుకున్నవాడికి భయమెందుకు?

"నాకు కొంచెం..." అని కొడుకు ఆగిపోయాడు. "ఏం లేదులే. నువ్వు చూశావు కదా, బాగుందన్నావు కదా. చాలు."

మేస్త్రి నోరు తెరిచాడు. గేటమ్మ అతని మొహంలోకి చూస్తూ ఆగింది. ఇప్పుడైనా చెబుతాడేమో అనుకుంది. వాళ్ళ నాన్న తనకు చెప్పినట్టు, ముందు రోజు, చెప్పాల్సినవాడికి. కానీ ఈసారి చెప్పడానికేముంది? ఇసుక లేదు. అతను గ్లాసు అడుగున మిగిలిన టీ తాగి, "బాగుంది," అన్నాడు.

ఇంట్లో ఇన్నాళ్ళూ ఆమె వెటకారానికి పనికొచ్చిన మనిషి ఇప్పుడు అందుకు కూడా పనికిరాకుండా పోయాడు. గేటమ్మ లేచి గది వెనక్కి వెళ్ళింది. అక్కడ నిలబడి తన సెల్‌ఫోన్లో ఎవరితోనో మాట్లాడింది. ఎక్కువసేపు పట్టలేదు. రేవు దగ్గరుండే ఇసుక ట్రాక్టర్ల అతను ఎన్నో తెల్లవారుజాముల నుంచి ఆమె ఎరిగినవాడే. ఇంత పట్టపగలా అని అతను అడిగాడు కాబోలు, పగలే అని ఆమె చెప్పడం గదిలోకి వినిపించింది. మాస్టారు ఉపన్యాసంలో ఏదో దిద్దుకుంటున్నాడు గనక ఆయన వినలేదు. మేస్త్రి విన్నాడు.

అంతలో స్టేషన్ ఫోను మోగింది. ప్యాసింజర్ బయల్దేరింది. గేటమ్మ వచ్చి ఫోనెత్తి సరేనంది. చక్రం తిప్పి గేటు దించింది. తాళం పడిందో లేదో లాగి చూసింది. పచ్చజెండా తీసుకుని, క్యాలెండర్ మీది గుడ్డతో చేతులు తుడుచుకుని, గుమ్మంలో కొడుకు పక్కన నిలబడింది. కిటికీలోంచి సున్నం పెళ్ళ తీసి వాడి అరచేతిలో పెట్టింది. వాడు దాన్ని నొక్కి చూసి తండ్రి వైపు తిరిగాడు.

"మాస్టారూ," అంది గేటమ్మ. "ఇసుక ట్రాక్టర్లు వస్తున్నాయి. ప్యాసింజర్ పోగానే వాటికి గేటెత్తుతాను. నడి కమాను మీద ఇసుక పోస్తారు, ఈయన వంతెన తెరిచిన ప్రతిసారీ పోసినట్టే. కొడుక్కి ఎందుకో ఈయనే చెబుతారు. సున్నం ఆరి, ఆ ఇసుక తిరిగొచ్చేదాకా రోలర్‌కి గేటు తియ్యను."