అక్క ఎత్తుకు కట్టిన మడులు

దాన్యూబ్ ఒడ్డున, లోమ్ పట్నానికి దిగువనున్న ఒక చిన్న ఊళ్ళో, వీధి చివరింట్లో వెలీకా, దోన్కా అనే అక్కచెల్లెళ్ళు ఉండేవారు. ఇద్దరూ పెళ్ళి మాట తలపెట్టలేదు. వెలీకా నలభయ్యో పడిలో ఉండగా చెర్రీ పళ్ళు కోస్తూ కొమ్మ విరిగి కింద పడింది. ప్రాణం దక్కింది గానీ నడుము కింది భాగం చచ్చుబడిపోయింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె నెలల తరబడి గోడ వైపు తిరిగి పడుకుంది. దోన్కా అప్పట్లో కూరగాయలు సీసాల్లో పట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. అక్కడ పారేసిన చెక్కపెట్టెల పలకలు అడిగి తెచ్చుకుని, పెరట్లో నాలుగు మడులు కట్టింది. నేల మీద కాదు, బల్లల్లా కాళ్ళ మీద. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి మోకాళ్ళు కింద పట్టేంత ఎత్తున. తరవాత నది ఒడ్డు నుంచి మట్టి మోసుకొచ్చి వాటిని నింపింది.

అక్కను కుర్చీలో కూర్చోబెట్టి బయటికి తోసుకొచ్చింది. వెలీకా మట్టిలో చెయ్యి పెట్టి, పిడికిట్లో నలిపి చూసి, "ఇందులో పెంట ఏమాత్రం చాలదే" అంది.

ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకోలేదు.

టమాటా, బుంగమిరప, పాలకూర, పార్స్లీ, పుదీనా, చిక్కుళ్ళ పులుసులో వేసుకునే చుబ్రిత్సా ఆకు, అన్నీ ఆ నాలుగు మడుల్లోనే పండించేది వెలీకా. మొక్క మీద మాత్రం చెల్లెల్ని చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. "మట్టి మొయ్యి, నీళ్ళు తే, అంతవరకే నీ పని. నీ చేతులు సీసాలకు మూతలు బిగించడానికి పుట్టాయి" అనేది. దోన్కా వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే పెరట్లోంచి కేక వచ్చేది: "దోన్కా! నీళ్ళు!" వెళ్ళి చూస్తే డబ్బాలో సగం నీళ్ళు ఉండేవి. "ఉన్నాయి కదే అక్కా!" అని చిరాకుపడితే, "ఎండకు వేడెక్కిపోయాయి, ఇంకొన్ని తే" అనేది వెలీకా.

ఇలా ఇరవై ఏళ్ళు గడిచాయి. ఒక ఫిబ్రవరిలో, కిటికీ గట్టు మీద టమాటా విత్తనాలు చల్లిన వారానికి, వెలీకా నిద్రలోనే పోయింది.

విత్తనాలకు ఆ సంగతి తెలియదు కదా, మొలకెత్తాయి. పాలిపోయి, సన్నగా సాగి, వెలుతురు వైపు వాలిపోయిన ఆ నారును చూస్తూ దోన్కా రోజూ కాఫీ తాగేది. పారెయ్యడానికి మనసు ఒప్పలేదు. ఎండలు ముదిరాక పెరట్లోకి తీసుకెళ్ళి నాటబోయింది. అప్పుడు గానీ తెలియలేదు, ఆ మడులు తనకు పనికిరావని. నిలబడితే నడుము వంగిపోతోంది. మోకాళ్ళ మీద కూర్చుంటే గడ్డం దాకా వస్తున్నాయి. ముక్కాలిపీట వేసుకుంటే జానెడు దూరానికి ఒకసారి లేచి దాన్ని జరుపుకోవాలి.

రెండు రోజులు నడుము పట్టేశాక, నడవలో దుప్పటి కప్పి ఉన్న చక్రాల కుర్చీని బయటికి తీసింది. చుట్టూ ఒకసారి చూసి, అందులో కూర్చుంది.

మోకాళ్ళు మడి కిందికి చక్కగా దూరాయి. చేతులు మట్టికి అందాయి. నారు నాటుతూ నాటుతూ తలెత్తింది. ఆ ఎత్తు నుంచి వీధి కనిపించదు, కంచె అడ్డం. నది కనిపించదు. కనిపించేదల్లా ఒక్క వంటింటి కిటికీ. ఇన్నేళ్ళూ తాను వీపు ఇటు పెట్టి గిన్నెలు కడిగిన చోటు. అక్కకు కనిపించింది తన వీపొక్కటే.

సగం ఉన్న డబ్బాలోకి అక్క నీళ్ళెందుకు అడిగేదో దోన్కాకు అప్పుడు అర్థమైంది. చేతిలో ఉన్న మొక్కను గుంటలో పెట్టడం మరిచిపోయి అలాగే కూర్చుంది.

ఇంతలో కంచె అవతల కెవ్వుమని అరుపు. పక్కింటి స్టాంకా.

"అయ్యో అయ్యో దోన్కా! నీకూ పడిపోయాయటే కాళ్ళు?"

జవాబు వినకుండానే పరుగెత్తింది. పావుగంటలో జున్ను పెట్టి కాల్చిన బానిత్సా రొట్టె పళ్ళెంతో గేటు తోసుకుని లోపలికొచ్చింది. దోన్కా లేచి నిలబడి పళ్ళెం అందుకోబోయింది. స్టాంకా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. మరుక్షణం ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నిక్షేపంలాంటి కాళ్ళు పెట్టుకుని చచ్చినదాని కుర్చీలో కూర్చుంటావా? మతి గానీ పోయిందా నీకు?"

"మడులు అక్క ఎత్తుకు కట్టానే స్టాంకా. నాకు అందడం లేదు."

స్టాంకా పళ్ళెం ఆమె చేతిలో పెట్టి, "సరే, వేడిగా ఉండగానే తిను" అని వెళ్ళిపోయింది.

జూన్ వానలకు టమాటాలు అడవిలా పెరిగాయి, ఆకులే గానీ కాయ లేదు. కింది ఆకులకు నల్లమచ్చల తెగులు పట్టింది. దోన్కా కంచె దగ్గరికి వెళ్ళి స్టాంకాను పిలిచింది.

"పక్క పిలకలు గిల్లలేదా?" అంది స్టాంకా చూస్తూనే. "మీ అక్క పక్కన అన్నేళ్ళుండి ఇదేనా నేర్చుకున్నది?"

"ముట్టనిచ్చేది కాదు."

"నన్నూ ముట్టనివ్వలేదులే. ఒకసారి పార్స్లీ రెండు రెమ్మలు తెంపితే ఏడిపించి వదిలింది." స్టాంకా వేళ్ళతో పిలకలు టకటకా గిల్లుతూ అంది, "ఆ మడులొక్కటే కదా పాపం, తనదంటూ ఉన్నది."

సగం మొక్కలు పోయాయి. మిగిలినవాటికి ఆగస్టులో కాయలు పండాయి. అక్క పోయి ఆరు నెలలైన సంస్మరణ నాడు, ఆచారం ప్రకారం ఉడికించిన గోధుమలతో పాటు వాటినీ సమాధి దగ్గరికి తీసుకెళ్ళి వచ్చినవాళ్ళకు పంచింది దోన్కా. వచ్చింది నలుగురే. మిగిలిన టమాటాలు ఒక్కతే తినలేక కొన్ని సీసాల్లో పట్టింది. మూతలు మాత్రం బాగా బిగించింది.

అక్టోబరులో స్టాంకా మళ్ళీ వచ్చింది. ఈసారి గేటు దగ్గరే నిలబడిపోయింది.

"మా అత్తగారు జారిపడింది. తుంటి విరిగింది. అడగడానికి నోరు రావడం లేదు గానీ... ఆ కుర్చీ..."

దోన్కా లోపలికెళ్ళి తడిగుడ్డతో చక్రాలకు అంటుకున్న మట్టంతా తుడిచింది. చక్రాలకు నూనె వేసింది. తనే వీధిలో తోసుకుంటూ వెళ్ళి ఇచ్చి వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు చేతుల్లో ఏమీ లేకపోవడం ఇబ్బందిగా తోచి, వాటిని జేబుల్లో పెట్టుకుంది.

మర్నాడు పాత కోళ్ళగూటి ఇటుకలు ఊడదీసింది. ఒక్కో మడిలో మట్టి సగం తోడి, ఒక మూల గడకర్రతో లేపి, కాలి కింద ఇటుకలు పెట్టి, ఇంకో మూలకు వెళ్ళింది. నాలుగు మడులూ తన నడుము ఎత్తుకు లేచేసరికి వారం పట్టింది. మట్టి తిరిగి నింపేటప్పుడు పెంట కాస్త ఎక్కువే కలిపింది.

ఇప్పుడు నిటారుగా నిలబడితే చేతులు అందుతున్నాయి. కంచె మీదుగా వీధి కనిపిస్తోంది, బడి గంట మోగాక ఇళ్ళకు పోయే పిల్లలూ కనిపిస్తున్నారు. వంటింటి కిటికీ చూడాలంటే పనిగట్టుకుని వెనక్కి తిరగాలి. మొదట్లో ఆమె తరచూ తిరిగేది.

"ఏం వేస్తున్నావే?" అని కంచె మీదుగా అడిగింది స్టాంకా.

"వెల్లుల్లి."

"లోతుగా పెట్టు, లేకపోతే మంచుకు పైకి తన్నుకొస్తాయి."

"సరే."

స్టాంకాను లోపల్నుంచి అత్తగారు పిలిచింది. ఆమె వెళ్ళిపోయింది. దోన్కా ఒక్కొక్క రెబ్బనీ వేలు లోతున గుచ్చుకుంటూ మడి చివరి దాకా వెళ్ళింది. పొద్దు వాలుతోంది. ఇంకో మడి మిగిలి ఉంది, రెబ్బలూ మిగిలి ఉన్నాయి.