అత్త నడక

నాలుగేళ్ళుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మాది అర్ధవీడు దగ్గర ఒక ఊరు. అంతకంటే చెప్పను, చెబితే ఎవరో ఒకరు పోల్చుకుంటారు. ఇది రాస్తూ కూడా తలుపు వైపే చూస్తున్నాను.

మా అత్తకు నేను అన్యాయం చేశాను. కొట్టలేదు, తిట్టలేదు, కడుపు మాడ్చలేదు. ఊళ్ళో ఎవరినడిగినా నన్ను మంచి కోడలనే చెబుతారు. ఆ పేరు కోసమే చేశాను.

అప్పట్లో అత్తకు మోకాళ్ళ నొప్పులు. ముప్పై ఏళ్ళు మిరపకోతలకు, కలుపులకు వంగి వంగి చేసిన మనిషి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునేది, రెండు రోజులు బాగా తిరిగేది, మళ్ళీ మూలిగేది. చివరికి మార్కాపురం తీసుకుపోయాను. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, షుగర్ గడప దాకా వచ్చింది, ఇంకా లోపలికి రాలేదు, ఇప్పుడే మాత్రలు వద్దు అంది. రోజూ పొద్దున ముప్పావుగంట నడవాలి. అన్నం సగానికి తగ్గించి కొర్రలో సజ్జలో తినాలి. కుర్చీలో కూర్చుని ఒక్కో కాలూ చాపి ఎత్తి కాసేపు నిలపాలి. పొలంలో చేసే పని చాలదా అని అడిగాను. గంటల తరబడి వంగి ఉండటం వేరు, చేతులూపుకుంటూ నడవటం వేరు అని ఓపిగ్గా చెప్పింది.

అత్త చేయదనుకున్నాను. చేసింది. తెల్లారేసరికి చెప్పులేసుకుని కంభం రోడ్డు పట్టుకునేది. రెండు నెలలకు సూది మానేసింది. ఒక ఆదివారం ప్రార్థన మందిరంలో చాప మీద నుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, నా వైపు చూసి నవ్వింది.

కానీ వీధి ఊరుకుంటుందా? “ఏందక్కా, రేషన్ బియ్యం ఇంట్లో మూలుగుతుంటే ముసలామెకు సజ్జరొట్టె పెడుతున్నావంట!” అని పక్కింటామె. పొద్దున్నే ఒంటరిగా రోడ్డెంట పోతోందంటే కోడలేదో అనే ఉంటుందని ఇంకొకరు. మా ఆడబిడ్డ చంద్రశేఖరపురం నుంచి వచ్చి, “మా అమ్మ ఇట్ల చిక్కిపోయిందేంది వదినా?” అంటూ అన్నం గిన్నె మూత తీసి చూసింది. ఆ మూత తీసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. లోకులు కాకులు అని అందరికీ చెప్పేదాన్ని నేనే. ఆ కాకులకే భయపడ్డాను.

మూడు నెలలకు మళ్ళీ రక్తం ఇచ్చి వచ్చాం. మర్నాడు అత్త మిరపకోతకు పోతే రిపోర్టు కోసం నేనొక్కదాన్నే పోయాను. డాక్టరమ్మ సంతోషపడింది. బాగా తగ్గింది, ఇలాగే నడవమను, మానేస్తే మళ్ళీ వస్తుంది అంది. సరేనని తలూపాను. బస్సులో వచ్చేటప్పుడు నా మనసులో ఏ కల్మషమూ లేదు, ఒట్టు. లేక ఉందా? కిటికీ పక్కన కూర్చుని అన్నం గిన్నె మూత గురించి ఆలోచించలేదా?

అత్త కాళ్ళు కడుక్కుంటూ అడిగింది.

“ఏమన్నదమ్మాయ్ డాక్టరమ్మ?”

“షుగర్ పూర్తిగా పోయిందంట అత్తా.”

“మరి నడిచేది?”

“ఇంక పన్లేదంట. అన్నం కూడా మామూలుగానే తినమన్నది.”

“నాకు నడుస్తుంటేనే బాగుంది గదా.”

“డాక్టరమ్మ కంటే నీకు ఎక్కువ తెలుసా?”

నవ్వేసి కాళ్ళు తుడుచుకుంది. అత్తకు చదువు రాదు. అయినా భయమేసి రిపోర్టు చింపి పొయ్యిలో వేశాను. ఆ రోజు వసారాలో, వచ్చేపోయే వాళ్ళందరికీ కనపడేలా కూర్చోబెట్టి, పళ్ళెం నిండా తెల్లన్నం పెట్టాను. పక్కింటామె చూసింది. నా కడుపు చల్లబడింది. అది కూడా చెప్పుకోవాలి కదా, చల్లబడింది.

మర్నాటి నుంచి అత్త పొద్దున్నే రోడ్డెక్కలేదు. వాన కాలానికల్లా మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి, మళ్ళీ సూదులు మొదలయ్యాయి. అప్పుడైనా చెప్పొచ్చు. రేపు చెబుదాం, ఆదివారం అయ్యాక చెబుదాం అనుకుంటూ ఏళ్ళు గడిపాను. పోయిన ఏడాది చేలో ఆమె ఎడమ కాలికి రాయి కొట్టుకుంది. పుండు మానలేదు. అప్పటికి షుగర్ ఎంత పెరిగిందంటే, రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. నడిచినా వచ్చేదేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వచ్చేదేమో. నాకు తెలియదు. కానీ రాకుండా ఉండే దారి ఆమెకు దొరికింది, ఆ దారికి అడ్డం పడుకున్నది నేను.

కాలు కాస్త మానాక అత్త మందిరంలో అందరి ముందూ దేవుడికి సాక్ష్యం చెప్పింది. కర్ర పట్టుకుని నిలబడి, “డాక్టరమ్మ చాలన్నా నా ఒళ్ళు నన్ను నడవమనే చెప్పింది. నేనే సోమరితనంతో మానేసినాను. తప్పు నాదే. నాకోసం ప్రార్థన చేయండి” అంది. పాస్టరు అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు, అరవనూ లేను, కూర్చోనూ లేను.

ఇంటికొచ్చే దారిలో నా భుజం పట్టుకుని నడుస్తూ అడిగింది. “ప్రభువు నన్ను క్షమిస్తాడంటావా అమ్మాయ్?”

క్షమిస్తాడత్తా అన్నాను. నా పాపానికి ఆమెను నేను ఓదార్చాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఏముంటుంది?

ఇన్నాళ్ళూ ఆమెను వేరే ఆసుపత్రికి తిప్పుతున్నాను. ఇప్పుడు, పాత డాక్టరమ్మ దగ్గరికే పోదాం, ఆమె ఏ మాటైనా మంచిగా చెప్పేది అంటోంది అత్త. ఎల్లుండి పోవాలి. ఆ గదిలో డాక్టరమ్మ ఒక్క మాటంటే చాలు, నడవమని చెప్పాను కదా అని. అత్త తల తిప్పి నా వైపు చూస్తుంది. ఆ చూపే తలుచుకుంటూ కూర మాడబెడుతున్నాను. జ్వరమని ఆగిపోనా? ఈలోపు నేనే కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేయనా? చెబితే ఏమంటుంది? ఏమీ అనకపోతే ఎలా బతకను?

తెలియదు. మిమ్మల్ని క్షమించమని అడగను, ఆ హక్కు మీది కాదు. ఒక్కసారి, ఒక్క చోటైనా నిజం నిజంలా ఉండాలని రాశాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడింది, దానికీ సిగ్గుగానే ఉంది. మందిరంలో ఆమె చెప్పింది నిజం కాదు. నడక మా అత్త మానలేదు. నేను మాన్పించాను.