మొదటి బంతిలో బ్యాండు

మా ఊరి బ్యాండు చరిత్ర తెలిసినవాళ్ళు తగ్గుతున్నకొద్దీ దాని గొప్పతనం పెరిగిపోతోంది. మొన్న ఒకావిడ "మీ ఊరి బ్యాండంటే జిల్లా అంతా పేరటకదండీ" అంటే, నా పెళ్లి గుర్తొచ్చి నవ్వాపుకోలేక చచ్చాను.

తొంభైల మొదట్లో దాన్ని పెట్టింది మా నాన్నగారు. రాజమండ్రిలో జెండా పండక్కి పోలీసు బ్యాండు చూసొచ్చి, మనకీ ఒకటి ఉండాలన్నారు. మాది నిడదవోలు దగ్గర పల్లె. కోతలూ మాసూళ్ళూ అయ్యాక మా రైతులకి పేకాట తప్ప పనుండదు కనుక అందరూ సరేనన్నారు. బాకాలొచ్చాయి, డ్రమ్ములొచ్చాయి, జరీ అంచు ఎర్రకోట్లొచ్చాయి. నేర్పడానికి నిడదవోలు నుంచి ఒక మేష్టారొచ్చారు. పెళ్లిళ్ళలో కిరాయికి క్లారినెట్ వాయించే మనిషి. రైసుమిల్లు వెనక నేర్పినంతసేపూ మావాళ్ళకి ఆయన "మేష్టారండి". అదే మనిషి పెళ్లిలో ఎదురైతే "బ్యాండోడు".

మావాళ్ళు మాత్రం బ్యాండువాళ్ళు కారు, బ్యాండు వాయించే పెద్దమనుషులు. కిరాయి మాటెత్తకూడదు. చుట్టాల పెళ్లిళ్ళకే వెళ్తారు. ఇంటికొచ్చి బొట్టుపెట్టి చుట్టాల్లాగే పిలవాలి. బాకా తెమ్మని చెబితే అలుగుతారు, చెప్పకపోతే తేరు. అందుకే బయటివాళ్ళెవరూ ఆ సంగీతానికి నోచుకోలేదు.

ఆ అదృష్టం భీమవరం నుంచొచ్చిన మా అత్తవారికి పట్టింది. ఊరేగింపుకి తామే బ్యాండు తెస్తామని వాళ్ళంటే నాన్నగారు ససేమిరా వద్దన్నారు. కూతురి ఊరేగింపుకి తన బ్యాండే మోగాలి. ఆయన జీవితంలో అంత పట్టుదలగా అడిగింది అదొక్కటే.

ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నం భోజనాలకి మావాళ్ళు ఎర్రకోట్లతోనే మొదటి బంతిలో కూర్చున్నారు. వియ్యాలవారి తాలూకు పెద్దాయన ఒకరు చూసి కేకేశారు.

"ఏవండీ, బ్యాండువాళ్ళని ముందు బంతిలో కూర్చోబెట్టారేంటండీ? మావాళ్ళు నిలబడున్నారు!"

బాకా వాయించే మా పెదనాన్నగారు విస్తరి ముందునుంచి లేచిపోయారు. "కొబ్బరితోటలున్నోణ్ణి పట్టుకుని బ్యాండోడంటాడా! కోటు విప్పేస్తున్నా. నేను పెళ్లికూతురి పెదనాన్నని, అంతే. ఎవరు వాయిస్తారో వాయించుకోండి!"

ఆయన వెనకే మిగతావాళ్ళూ కోట్లు విప్పేశారు. ఎర్రకోటుతో మిగిలింది నాన్నగారొక్కరే. కిటికీలోంచి చూస్తున్న నేను, పెళ్లిచీరతోనే బయటికొచ్చాను.

"ఎర్రకోటేసుకుని బాకా పట్టుకున్న మనిషిని మరేమనాలి పెదనాన్నా? తాసీల్దారుగారనాలా?"

"పెళ్లికూతురివి, లోపలికెళ్ళమ్మా."

"మేష్టారెక్కడున్నారో చూశారా?"

వాయించడానికొచ్చిన మేష్టారు ఇంటివెనక పశువుల పాకలో కూర్చునున్నారు. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు. చివరి బంతి అయ్యేదాకా తన చోటు అదేనని ఆయనకి తెలుసు.

"ఆయన సంగతి వేరమ్మా," అన్నారు పెదనాన్నగారు.

"ఏంటి వేరు? వాయించడం వచ్చనా?"

మా అత్తగారు నావైపు అప్పుడు చూసిన చూపు ఇప్పటికీ అరగలేదు. పెదనాన్నగారు బనీనుతోనే మళ్ళీ కూర్చుని, బూరెల్లో నెయ్యి వేయించుకున్నారు. నాన్నగారు మాత్రం ఎవరినీ బతిమాలలేదు. రెండు విస్తళ్ళు తీసుకుని పాకలోకి వెళ్ళారు. ఒకటి మేష్టారి ముందు వేశారు, రెండోదాని ముందు తను కూర్చున్నారు. కోటు విప్పలేదు.

సాయంత్రం ఊరేగింపు కదిలింది. మేష్టారి క్లారినెట్, నాన్నగారి పెద్ద డ్రమ్ము. అంతే బ్యాండు. చెరువుగట్టు దాటేవరకూ మిగతావాళ్ళు పట్టుకండువాలేసుకుని చుట్టాల్లా నడిచారు. వీడియో అబ్బాయి లైటు వెయ్యగానే ఎక్కణ్ణుంచొచ్చాయో ఎర్రకోట్లు! పెదనాన్నగారు బాకా నోటికానించి బుగ్గలు పొంగించారు. పొట్టనిండా బూరెలున్న మనిషికి ఊపిరెక్కణ్ణుంచొస్తుంది? గాలి కూడా బయటికి రాలేదు.

తర్వాత క్యాసెట్ వచ్చింది. అప్పటి పద్ధతి ప్రకారం వీడియో అబ్బాయి అసలు చప్పుడు తీసేసి, ఊరేగింపు మీద సినిమా పాట అతికించాడు. పెదనాన్నగారి బుగ్గలు పాటకి సరిగ్గా కుదిరాయి. చూడ్డానికొచ్చిన ఊరంతా మెచ్చుకుంది. "అన్నయ్యగారు ఎంత బాగా వాయించారండీ!" అని ఆ ఊరేగింపులో నడిచినవాళ్ళే అన్నారు. ఆయన కాదనలేదు.

నాన్నగారు లేచి టీవీ సౌండు తీసేశారు.

"అయ్యో, పాట బాగుందికదండీ," అంది అమ్మ.

"వాయించింది మేమిద్దరం," అన్నారాయన. ఆ తర్వాత బ్యాండు ఊసెత్తలేదు.