ఎడమ స్తంభం దగ్గర ఒక మగ్గు నీళ్లు

మా చిన్నాయన పోయాడు. ఆ కబురు వచ్చేసరికి నేను కువైట్‌లో, షువైఖ్‌లో మా గ్యారేజీలో ఒక జీపు బానెట్ కింద తల దూర్చి, ఎక్కడ తెగిందో తెలియని వైరు కోసం వెతుకుతున్నాను. ఫోన్ చేసింది ఆయన కొడుకు, రాయచోటి దగ్గర వాళ్ల ఊరి నుంచి.

"పొద్దన్నే పోయినాడన్నా. చెట్లకు నీల్లు కట్టొచ్చి మంచం మింద పండుకున్యాడు. మల్ల లేయలేదు" అన్నాడు. నేను బానెట్ కింద నుంచి బయటికి వచ్చాను. తర్వాత అతనే అన్నాడు. "ఎప్పుడో ఒక మాట చెప్పి పెట్టినాడన్నా. తనకేమన్నా అయితే ఆడ మంచులో గోలు కాడ నిలబడే అబ్బోనికి గూడా చెప్పాలంట. నీకు తెలుసంట గదా."

తెలుసు. తెలిసి కూడా ఆ పని శుక్రవారం దాకా వాయిదా వేశాను. ఎందుకో చెప్పాలంటే ముందు చిన్నాయన సంగతి చెప్పాలి.

ఆయన నాకు చుట్టం కాదు. నాది కోనసీమ, ఆయనది రాయలసీమ. మా వైపయితే బాబాయ్ అనేవాణ్ణి. కానీ మా పక్క గదుల్లోని కడప కుర్రాళ్లంతా చిన్నాయనా అని పిలుస్తుంటే నాకూ అదే అలవాటైంది. కువైట్‌లో ఆయన చేసే పని ఏమిటో చెబితే ఊళ్లో ఎవరూ నమ్మలేదట. ఐస్ హాకీ ఆడే హాల్లో మంచు బండి నడిపేవాడు. ఆటగాళ్ల బూట్ల కింద ఉండే కత్తులు మంచును గీసి పాడు చేస్తాయి. ఆ గీతలను పైపైన చెక్కేస్తూ, వెనకాల పల్చగా వేడినీళ్లు పరుచుకుంటూ పోతుంది ఆ బండి. కొద్ది నిమిషాల్లో నీళ్లు గడ్డకట్టి నేల మళ్లీ అద్దంలా తయారవుతుంది.

"మా తోటలో ఆరు బోర్లేస్తే ఆరూ దుమ్ము కక్కినాయి. ఈడ ఎడార్లో దినామూ ట్యాంకులకు ట్యాంకులు పోస్తాండా. ఆ పైనోనికి ఊరి అడ్రసు తప్పినట్టుండాది అబ్బోడా" అని నవ్వేవాడు.

జూలై ఎండలో, బస్సులో అందరం చెమటతో తడిసి ముద్దవుతుంటే, ఆయన ఒక్కడే ఒళ్లో ఉన్ని స్వెట్టరు, మంకీ క్యాపు పెట్టుకుని కూర్చునేవాడు. ఎక్కిన వాళ్లంతా ఆయన్ను ఒకసారి చూసి, తర్వాత పక్కన కూర్చున్న నన్ను జాలిగా చూసేవారు. నాకు సిగ్గేసేది. ఆయనకు వేసేది కాదు. హాల్లోకి వెళ్లగానే టోపీ చెవుల మీదికి లాక్కుని బండెక్కితే మాత్రం దొరలా ఉండేవాడు. పొలంలో ఒక మడి నిండగానే నీళ్లను పక్క మడికి మళ్లించినట్టు నడపాలనేవాడు ఆ బండిని. "మడవ తిప్పేది రానోడు ఈ బండి తిప్పలేడు" అనేవాడు. ఆఖరి చుట్టు అయ్యాక దిగి, తడిగా ఉన్న మంచును వేళ్లతో తాకి కళ్లకద్దుకునేవాడు.

బండి చెక్కిన మంచు తురుమంతా హాలు వెనక తలుపు బయట పోయాలి. పోసిన పది నిమిషాలకు కరిగి ఇసుకలోకి ఇంకిపోతుంది. ఆ వృథా చూసి ఆయన ప్రాణం ఒప్పుకోలేదు. గోడవార ఒక కరివేపాకు మొక్క నాటాడు. మంచు కుప్ప దగ్గర నుంచి మొక్క దాకా చెప్పు మడమతో చిన్న కాలువ తీసేవాడు. మా గదిలో పప్పులోకి కరివేపాకు అక్కడి నుంచే వచ్చేది. నా పెళ్లాం ఫోన్లో ఏం కూర వండారని అడిగితే, మంచు నీళ్లు తాగిన కరివేపాకుతో తాలింపు వేశామని గొప్పగా చెప్పేవాణ్ణి.

శుక్రవారాలు ఆట చూడటానికి టికెట్టు లేదు. నిజం చెప్పొద్దూ, మొదట మా గదుల నుంచి మేం పది మందిమీ వెళ్లింది ఆట కోసం కాదు, చల్లదనం కోసం. ఎవరు ఎవరిని కొడుతున్నారో కూడా తెలిసేది కాదు. చిన్నాయన వేయించిన చెనిక్కాయల పొట్లం చేతిలో పెట్టి, నల్లటి రబ్బరు బిళ్లను చూడమని, అది గోల్లోకి వెళితే లేచి అరవమని నేర్పాడు. నీలం చొక్కాల జట్టు మనదన్నాడు. ఎందుకంటే ఆ జట్టుకు గోలు కాసే గోలీ రోజూ ఆయనకు సలాం చెప్పేవాడు.

ఆ గోలీ కువైటీ కుర్రాడు, పాతికేళ్లుంటాయి. ఇక్కడ పెద్దవాళ్లను, మక్కా యాత్ర చేసొచ్చినవాళ్లలా, గౌరవంగా పిలిచే పద్ధతిలో "యా హజ్జీ" అని పిలిచేవాడు చిన్నాయనను. తిరుమల, కదిరి తప్ప ఇంకే యాత్రా చేయని మనిషి ఆ పిలుపుకు ఎంత మురిసిపోయేవాడో. వాడికో అలవాటుండేది. ఆట మొదలవక ముందు, కాలికి పట్టు దొరకాలని గోలు ముందరి మంచును బూటు కత్తితో గీకేవాడు. ఎడమ స్తంభం దగ్గర మరీ లోతుగా. ఆట మధ్య విరామం రాగానే చిన్నాయన ఒక బకెట్టుతో మంచు తురుము, ఒక మగ్గుతో నీళ్లు పట్టుకెళ్లి, ఆ గుంట పూడ్చి, నీళ్లు పోసి, అరచేత్తో నున్నగా చేసి వచ్చేవాడు.

"ఆపిన గోలు ఎవరికీ గుర్తుండదు అబ్బోడా. ఇడిసిన గోలు మాత్రం వాని పేరు పెట్టి పిలుస్తారు" అన్నాడొకసారి. నేను చెనిక్కాయలు నములుతూ ఊఁ కొట్టాను.

రెండేళ్ల కిందట మా జట్టు సెమీఫైనల్ దాకా వచ్చింది. అప్పటికి చల్లదనం సంగతి మరిచిపోయి, నిజంగానే పిచ్చి పట్టింది మాకు. ఆట రెండు రెండుతో సమమైంది. ఇక ఓవర్‌టైమ్. ముందు ఎవరు గోలు వేస్తే వాళ్లదే గెలుపు, రెండో వాళ్లు ఇంటికి. మధ్యలో నాలుగైదు నిమిషాలే విరామం. మంచు బండి తిప్పే వ్యవధి లేదు, గోలు ముందర గుంటలు మాత్రం పూడ్చమన్నారు. చిన్నాయన బకెట్టుతో పరుగెత్తాడు. గుంట పూడ్చాడు, మగ్గుతో నీళ్లు పోశాడు, లేచి నాలుగడుగులు వేశాడు. మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకో మగ్గు పోశాడు. అదంతా నేను చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు. బాగా రావాలనుకున్న మొక్కకు ఒక చెంబు ఎక్కువ పోయడం ఆయన చేతికి అలవాటు.

రెండో నిమిషంలో అవతలి వాడు మా గోలీ ఎడమ పక్క నుంచి వచ్చాడు. గోలీ ఎడమ స్తంభానికి అతుక్కున్నాడు. బిళ్ల ఒక్కసారిగా కుడి పక్కకు పోయింది. గోలీ అటు దూకబోయాడు కానీ కదల్లేదు. ఖాళీగా ఉన్న కుడి పక్క నుంచి బిళ్ల మెల్లగా, పని మీద వెళ్తున్నట్టు, లోపలికి పోయింది.

అందరికంటే ముందు లేచింది నేనే. "నిద్రపోతున్నావా? ఇంటికెళ్లి పడుకో!" అని గొంతు చించుకున్నాను. తెలుగులోనే అరిచాను గాని, తిట్టుకు భాషతో పనేముంది? అంతటితో ఊరుకోలేదు. ఫోన్లో తీసిన వీడియోను నెమ్మదిగా కదిలేలా చేసి, గురక చప్పుడు కలిపి, అభిమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తెల్లారేసరికి అది ఎవరెవరి ఫోన్లకో పాకింది. సాయంత్రానికి, వచ్చే ఏడాది గోలీని మార్చేస్తున్నారన్న మాట పుట్టింది.

ఆ మర్నాడు చిన్నాయన నా గదికి వచ్చాడు. నేనిచ్చిన అన్నం గిన్నె పట్టుకున్నాడు గాని, తినలేదు. నా వీడియోనే పదిసార్లు పెట్టించుకుని చూశాడు.

"ఈడ ఆపు" అన్నాడు. గోలీ ఎడమ కాలి మీద వేలు పెట్టాడు. "కాలు దిగబడింది చూడు. గడ్డ కట్టలేదు. రెండో మగ్గు పోసింటి గదా."

చూశాను. నిజమే. "ఊరుకోండి చిన్నాయనా, ఎవరు చూశారు? వచ్చే నెల మీ ఇఖామా రెన్యువల్ ఉందా లేదా? మంచు పాడు చేశానని మీ నోటితో మీరే చెబితే, యల్లా ఇంటికి పో అంటారండి వాళ్లు" అన్నాను.

ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం. ఇంకొక్క ఏడాది ఉంటే ఏడో బోరు వేయించి తోట నిలబెట్టుకోవాలని ఆయన ఆశ. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

"పొమ్మంటే పోతా. నీల్లు పోసినోన్ని నేను, మాట పడింది వాడు. ఈ మెతుకు నాకు గొంతు దిగుతాదా? నాకు అరబ్బీ సరిగా రాదు. నువ్వొచ్చి చెప్పు" అన్నాడు.

సాయంత్రం ప్రాక్టీసు వేళకు వెళ్లాం. కోచ్, హాలు మేనేజరు, గోలీ ముగ్గురూ అక్కడే ఉన్నారు. చిన్నాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, జరిగింది జరిగినట్టు తెలుగులో చెప్పాడు. నేను అరబ్బీలోకి మార్చాను. మార్చడమంటే నిజంగానే మార్చేశాను. ఆ రోజు మంచు అంత బాగా లేదని, అందులో ఎవరి తప్పూ లేదని, గోలీని ఏమీ అనొద్దని ఈయన కోరుతున్నాడని చెప్పాను. ఆయన ఉద్యోగం కాపాడుతున్నాననే అనుకున్నాను.

చిన్నాయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకు జరిపాడు. "లా, లా" అన్నాడు వాళ్లతో. కాదు, కాదు అని. గుండె మీద చెయ్యి వేసుకుని, "అనా. మాయ్ వాయిద్" అన్నాడు. నేను, నీళ్లు ఎక్కువ. లేని మగ్గును గాల్లో రెండుసార్లు వంచి చూపించాడు.

అప్పుడు గోలీ తలకున్న ముసుగు తీసి, కోచ్ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. కాలు దిగబడినప్పుడే తనకు తెలిసిందట. చెబితే హజ్జీ పని పోతుందని చెప్పలేదట. "అయినా ఆ గుంట తవ్వింది నేనే కదా" అన్నాడు.

అంటే రెండు రోజులుగా ఒకరి కోసం ఒకరు తల వంచుకుని ఉన్నారు వాళ్లిద్దరూ. మధ్యలో ఏ నష్టమూ లేకుండా నోరు పారేసుకున్నది నేనొక్కణ్ణే. క్షమించమని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? చిన్నాయన టోపీ కింద పడితే తీసి దులిపాను, అంతే.

మేనేజరు హెచ్చరిక కాగితం ఒకటి రాసిచ్చాడు. దాన్ని చిన్నాయన పెట్టెలో దాచుకున్నాడు. ఇఖామా మరో ఏడాది దొరికింది. గోలీని మార్చలేదు. తర్వాతి ఏడాది మళ్లీ సెమీఫైనల్లో ఓడిపోయాం, ఈసారి ఏ ఒక్కరి మీదా నెపం వేయడానికి వీల్లేనంత చిత్తుగా. ఆ వేసవిలోనే చిన్నాయన ఖలాస్ అని చేతులు దులుపుకుని ఊరికి వెళ్లిపోయాడు. ఏడో బోరులో నీళ్లు పడ్డాయని ఫోన్ చేసి చెప్పిన రోజు, ఆ నీళ్ల చప్పుడు వినిపించడానికి ఫోన్ను పైపు దగ్గర పెట్టి మరిచిపోయాడు. పావుగంట సేపు నేను లైన్లోనే ఉన్నాను.

ఇప్పుడు ఆ మనిషి లేడు. మొన్న శుక్రవారం ఆటకు గంట ముందే వెళ్లాను. గోలీ బల్ల మీద కూర్చుని కాళ్లకు మెత్తలు కట్టుకుంటున్నాడు. చెప్పాను. చేతిలో పట్టీ అలాగే ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి అడిగాడు.

"ఓడిపోయిన రోజు పైనుంచి గట్టిగా అరిచింది నువ్వే కదా? ఏమంటున్నారని హజ్జీని అడిగాను. లే తమ్ముడూ, ఫర్వాలేదు, అంటున్నారని చెప్పాడు."

తన తప్పులో నన్ను ఒక్క మాట కూడా మార్చనివ్వని మనిషి, నా తప్పును మాత్రం మార్చేసి పోయాడు. ఊఁ అంటే సరిపోయేది. కానీ ఆయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకు జరిపినట్టే అనిపించింది.

"లా" అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకున్నాను. "అనా." నిద్రపోతున్నావా అని అరిచింది, ఆ గురక వీడియో పెట్టింది, అన్నీ చెప్పాను. క్షమించమని అడిగాను.

గోలీ నన్ను అలాగే చూశాడు. "నాకు అనుమానమే. అది చెప్పేటప్పుడు హజ్జీ నా మొహం చూడలేదు. మంచు వైపు చూస్తూ చెప్పాడు" అన్నాడు.

క్షమించానని అనలేదు. లేచి, కొత్తగా మంచు బండి నడుపుతున్న నేపాలీ అతని దగ్గర బకెట్టు అడిగి, దాన్నిండా మంచు తురుము నింపుకున్నాడు. కాళ్లకు ఆ లావుపాటి మెత్తలతో అటూ ఇటూ ఊగుతూ వెనక తలుపు వైపు నడిచాడు. నేను వెనకే వెళ్లాను. బయట ఎండ మొహం మీద కొట్టింది. కరివేపాకు మొక్క ఇప్పుడు నా భుజాల దాకా ఉంది. మంచును దూరంగా పోసి, మొక్క దాకా మడమతో కాలువ గీశాడు. నీళ్లు మెల్లగా కదిలాయి. సగం దూరంలో ఇసుక వాటిని తాగేసింది.

వాడు ఖాళీ బకెట్టు వైపు చూసి, ఇంకొకటి తేవడానికి లోపలికి వెళ్లాడు.